స్పా మసాజ్ నుంచి స్పోర్ట్స్ మసాజ్‌కి మారాలంటే ఏం నేర్చుకోవాలి?

మీ ప్రశ్నని ముందు క్లుప్తంగా రాస్తాను, తర్వాత చదివేవాళ్లకి కూడా ఉపయోగపడుతుంది. మీరు రాజమండ్రిలో ఒక స్పాలో కొన్నేళ్లుగా మసాజ్ చేస్తున్నారు. ఈమధ్య మీ దగ్గరికి కబడ్డీ ఆడే కుర్రాళ్లు, పోలీసు ఉద్యోగాల కోసం రన్నింగ్ ప్రాక్టీస్ చేసేవాళ్లు ఎక్కువగా వస్తున్నారు. వాళ్ల గాయాలు బాగుచేసేలా, వీలైతే గాయాలే రాకుండా చూసేలా శిక్షణ తీసుకోవాలనుకుంటున్నారు. ఎలాంటి కోర్సు చేయాలి, ఎంతకాలం పడుతుంది, ముందు ఏ టెక్నిక్కులు నేర్చుకోవాలి అని అడిగారు.

నేను ఫిజియోథెరపిస్టుని. కబడ్డీ, వెయిట్‌లిఫ్టింగ్, అథ్లెటిక్స్ జట్లతో చాలా ఏళ్లుగా పనిచేస్తూ, ఆ జట్లలో మసాజ్ చేసేవాళ్లకి శిక్షణ కూడా ఇస్తున్నాను. టెక్నిక్కుల సంగతి కాసేపు పక్కన పెడతాను. స్పాలో నాలుగేళ్లు పనిచేసిన మనిషికి చేతి పని చాలావరకు వచ్చేసి ఉంటుంది. రానిది వేరే ఉంది: బల్ల మీద పడుకున్న ఆటగాడి ఒంట్లో ఏం జరిగిందో పోల్చుకోవడం, ఎక్కడ చెయ్యి పెట్టకూడదో తెలుసుకోవడం, తెలిసిన సంగతి వెంటనే ఎవరికి చేరవేయాలో తెలియడం. నా దగ్గరికి వచ్చేవాళ్లకి శిక్షణలో మొదటి సగం దీనికే పెడతాను. ఇది రాకుండా డీప్ టిష్యూ, ట్రిగ్గర్ పాయింట్, ఫ్రిక్షన్ అని ఎన్ని నేర్చుకున్నా ఆటగాడికి మేలు కంటే కీడు జరిగే అవకాశమే ఎక్కువ.

మీ దగ్గరికి వచ్చే కబడ్డీ కుర్రాళ్లలో తరచూ చూసే గాయాన్నే తీసుకుందాం. రైడ్‌కి వెళ్లినవాడి తొడ ముందు భాగానికి ఎదుటివాడి మోకాలు బలంగా తగులుతుంది. ఆట వేడిలో ఆ పూట ఆడేస్తాడు. మర్నాడు కుంటుకుంటూ వచ్చి, "అన్నా, తొడ పట్టేసింది, కాస్త గట్టిగా రుద్దు" అంటాడు. చెయ్యి వేస్తే లోపల గడ్డలా తగులుతుంది. అలవాటు ప్రకారం దాన్ని కరిగించేద్దాం అనిపిస్తుంది. కానీ అక్కడ జరిగింది కండరం పట్టేయడం కాదు. దెబ్బకి కండరం నలిగి, ఎముకకి ఆనుకుని లోపల రక్తం చేరింది. దాన్ని నూనె రాసి గట్టిగా పిసికితే మళ్లీ రక్తం కారుతుంది. అంతకంటే పెద్ద ఇబ్బంది ఏంటంటే, కొందరిలో ఆ రక్తం చేరిన చోట కండరం మధ్యలో ఎముక పెరగడం మొదలవుతుంది. మయోసైటిస్ ఆసిఫికాన్స్ అంటారు. మూడు నాలుగు వారాల తర్వాత ఎక్స్‌రేలో తొడ కండరంలో తెల్లటి మబ్బులా కనిపిస్తుంది. అలా అయినవాడు నెలల తరబడి మోకాలు పూర్తిగా మడవలేడు.

అలాంటప్పుడు మీరు చేయాల్సింది ఇది. బల్ల మీద బోర్లా పడుకోబెట్టండి. మీరు పట్టుకుని వంచకుండా, అతన్నే మోకాలు మెల్లగా మడవమనండి. 90 డిగ్రీలు దాటి మడవగలిగితే దెబ్బ తేలికపాటిది. 45కి, 90కి మధ్యలో ఆగిపోతే ఓ మోస్తరుది. 45 కూడా రాకపోతే తీవ్రమైనది, ఆ రోజే డాక్టర్ చూడాలి. తొడ బిగుసుకుపోయి, నొప్పి గంట గంటకీ పెరుగుతూ, కాలు తిమ్మిరెక్కుతుంటే కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ కావచ్చు, అంటే కండరం లోపల ఒత్తిడి పెరిగి దానికి రక్తం అందకుండా పోవడం. అప్పుడు ఇక ఆలోచించడానికి ఏమీ లేదు, నేరుగా ఆసుపత్రికి పంపాలి. తేలికపాటి దెబ్బ అయితే మొదటి రోజు నొప్పి లేనంత మేరకి మోకాలు మడిచి ఉంచి, ఐస్ పెట్టి, ఎలాస్టిక్ బ్యాండేజ్ చుట్టాలి. మళ్లీ వచ్చినప్పుడల్లా ఎన్ని డిగ్రీలు మడుస్తున్నాడో కొలిచి రాసుకోవాలి. ఆ గడ్డ మీద మాత్రం గట్టి మసాజ్ వద్దు. దెబ్బ తగిలిన మొదటి 72 గంటల్లో వేడి కాపడం, మద్యం, పరుగు, మసాజ్ ఈ నాలుగూ వద్దని స్పోర్ట్స్ మెడిసిన్‌లో చాలాకాలంగా చెబుతున్నారు. ఈ ఒక్క నియమం మన ఊళ్లలో కచ్చితంగా పాటించినా ఎన్నో కాళ్లు బాగుపడతాయి.

ఇక పోలీసు ఉద్యోగాలకి పరుగెత్తే పిల్లలు. వాళ్లకి 1600 మీటర్ల పరుగు ఉంటుంది. నోటిఫికేషన్ పడేదాకా ఎప్పుడూ పరుగెత్తనివాళ్లు ఒక్కసారిగా రోజూ తెల్లవారుజామున తారు రోడ్డు మీద అరిగిపోయిన బూట్లతో మొదలుపెడతారు. నెల తిరగకుండానే మోకాలి కింద, కాలి ఎముక లోపలి అంచున నొప్పి వస్తుంది. ఇక్కడ మీ వేలు ఎక్స్‌రే కంటే ముందే కొంత చెప్పగలదు. చీలమండ లోపలి వైపు నుంచి ఆ ఎముక అంచు వెంబడి ఒక్క వేలితో కొద్దికొద్దిగా నొక్కుతూ పైకి వెళ్లండి. నొప్పి 5 సెంటీమీటర్లు దాటి పొడవునా పరచుకుని ఉంటే, పరుగు మొదలుపెట్టిన కాసేపటికి సర్దుకుంటుంటే, సాధారణంగా అది షిన్ స్ప్లింట్స్. పరుగు తగ్గించి, పిక్క కండరాలు బలపరిచి, బూట్లు మారిస్తే తగ్గుతుంది. పిక్క కండరం మీద మీ మసాజ్ కొంత ఊరట ఇస్తుంది. అలా కాకుండా రూపాయి బిళ్లంత చోట మాత్రమే నొప్పి ఉండి, అక్కడ వేలు ఆనగానే కాలు లాక్కుంటే, రాత్రి పడుకున్నా సలుపుతుంటే, ఎముకలో సన్నని పగులు వచ్చిందేమోనని అనుమానించాలి. దాని పేరు స్ట్రెస్ ఫ్రాక్చర్. మొదటి రెండు మూడు వారాల్లో అది ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. "ఎక్స్‌రే బాగుంది అన్నా, రుద్దు" అంటే ఒప్పుకోవద్దు, ఎంఆర్‌ఐ అవసరమేమో డాక్టర్‌ని అడగమనండి. అమ్మాయిల్లో ఇలాంటి నొప్పితో పాటు నెలసరి ఆగిపోయి ఉంటే, తినే తిండి చేసే శ్రమకి చాలడం లేదేమోనని అనుమానించాలి. ఆ సంగతి అమ్మాయిలు మగ కోచ్‌కి చెప్పరు. ఆడవాళ్లు ఈ వృత్తిలోకి రావాల్సిన అవసరం ఎంత ఉందో ఇక్కడే తెలుస్తుంది.

మీరు రోజూ చేసే పనిలోనే ఇంకో పరీక్ష దాగి ఉంది. ఆటగాడు బోర్లా పడుకుని, పాదాలు బల్ల అంచు దాటి వేలాడుతున్నాయి అనుకోండి. పిక్కని అరచేత్తో పట్టి మెల్లగా పిండండి. పాదం దానంతట అదే, యాక్సిలరేటర్ తొక్కినట్టు కొద్దిగా వంగాలి. రెండో కాలు వంగి ఈ కాలు కదలకుండా ఉండిపోతే, మడమ పైనుండే లావాటి నరం లాంటి అకిలీస్ టెండన్ (టెండన్ అంటే కండరాన్ని ఎముకకి కలిపే పట్టీ) తెగిపోయి ఉండవచ్చు. బ్యాడ్మింటన్‌లో, పేస్ బౌలర్లలో, వారానికోసారి ఆడే మధ్యవయసు వాళ్లలో ఇది వస్తుంది. "వెనకనుంచి ఎవరో తన్నినట్టయింది, తిరిగి చూస్తే ఎవరూ లేరు" అని దాదాపు అందరూ ఒకేలా చెబుతారు. అలాంటివాడు పిక్క పట్టేసింది అనుకుని మసాజ్‌కి వస్తాడు, ఎందుకంటే తెగినా కుంటుతూ నడవగలడు. మీరు ఆ ఒక్క పరీక్ష చేసి ఆ రోజే ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి పంపితే, నెల ఆలస్యమై పెద్ద ఆపరేషన్ అయ్యే ముప్పు తప్పుతుంది.

ఇలాంటి గుర్తులు ఇంకొన్ని ఉన్నాయి, త్వరగా చెబుతాను. దూర ప్రయాణం చేసొచ్చాకో, కాలికి కట్టు వేసి ఉన్నాకో ఒక పిక్క మాత్రమే వాచి వెచ్చగా ఉంటే రక్తనాళంలో గడ్డ ఉండొచ్చు, ముట్టుకోవద్దు. ఒకేరోజు వందల బస్కీలు తీసినవాడికి తొడలు వాచి, మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తుంటే కండరం కరిగి కిడ్నీల మీద పడుతోందని అర్థం, వెంటనే ఆసుపత్రి. ఆడుతుంటే మోకాల్లో టప్‌మని వినిపించి రెండు మూడు గంటల్లోనే కీలు ఉబ్బిపోతే లోపల లిగమెంట్ తెగి ఉండొచ్చు, ఆ వాపు మీద నూనె పెట్టకూడదు. చీలమండ బెణికినవాడు నాలుగు అడుగులు వేయలేకపోతే, లేదా చీలమండకి రెండువైపులా ఉండే బుడిపె ఎముకల వెనక అంచు మీద నొక్కితే నొప్పి ఉంటే ఎక్స్‌రే తీయాలి. బెణుకంటే మనవాళ్లు పుత్తూరు కట్టుకో, పహిల్వాన్ దగ్గరికో వెళ్లడం అలవాటు. ఎవరి దగ్గరికి వెళ్లినా ముందు ఎక్స్‌రే తీయించుకోమని మీరు చెప్పండి. పన్నెండు, పద్నాలుగేళ్ల పిల్లలకి మోకాలి చిప్ప కింద బుడిపెలా వచ్చి నొప్పిగా ఉంటే అది ఎదిగే ఎముక చివర వచ్చే ఇబ్బంది. దాన్ని నొక్కి అణచాలని చూడకూడదు, కొన్నాళ్లు గెంతులూ పరుగులూ తగ్గిస్తే చాలు.

ఇప్పుడు మసాజ్ నిజంగా ఏం చేస్తుందో మాట్లాడుకోవాలి. శిక్షణ ఇచ్చే చోట ఈ విషయంలో చాలా తప్పులు నేర్పుతున్నారు, అవి విన్నప్పుడు నాకు బాధేస్తుంది. "మసాజ్ చేస్తే లాక్టిక్ యాసిడ్ బయటికి పోతుంది" అన్నది వాటిలో మొదటిది. ఆట ఆపాక గంటా గంటన్నరలో లాక్టేట్ దానంతట అదే సాధారణ స్థాయికి వచ్చేస్తుంది. ఒకటి రెండు రోజుల తర్వాత వచ్చే ఒళ్లు నొప్పులకి కారణం అది కాదు, కండరం పోగుల్లో పడిన సూక్ష్మమైన దెబ్బలు, వాటిని ఒళ్లు బాగుచేసుకునే పని. 2020లో 29 అధ్యయనాలని కలిపి చూసిన ఒక సమీక్ష వచ్చింది. మసాజ్ వల్ల బలం, వేగం, ఎగిరే ఎత్తు, దమ్ము పెరుగుతాయనడానికి అందులో ఆధారం దొరకలేదు. ఒంటి నొప్పులు కొంత తగ్గడం, కీళ్లు కొంత సులువుగా వంగడం మాత్రం కనిపించాయి.

ఇది విని నిరుత్సాహపడొద్దు. నొప్పి కొంత తగ్గడం చిన్న విషయం కాదు. హామ్‌స్ట్రింగ్, అంటే తొడ వెనక కండరం చిరిగిన ఆటగాడు కోలుకోవాలంటే వ్యాయామం చేయాల్సిందే. కండరానికి కొద్దికొద్దిగా బరువు పెంచుతూ పోతేనే కొత్త పోగులు గట్టిపడతాయి. కానీ నొప్పికి భయపడి చేయడు. మీరు పావుగంట మసాజ్ చేశాక కాలు తేలికైందనిపించి, ఆ ధైర్యంతో ఫిజియో చెప్పిన వ్యాయామం పూర్తిచేస్తాడు. గాయం మానడంలో మసాజ్‌కి ఉన్న స్థానం ఇదేనని నా అభిప్రాయం. అందుకే మసాజ్ అయిపోగానే ఇంటికి పంపేయకుండా, వ్యాయామం చేసే టైమ్‌కి ముందు మసాజ్ పెట్టుకోమని నా విద్యార్థులకి చెబుతాను.

గాయాలు రాకుండా చూడటంలోనూ అంతే, పని చేసేవి వ్యాయామాలు, విశ్రాంతి, నిద్ర. మోకాళ్ల మీద నిటారుగా నిలబడి, వెనక ఒకరు చీలమండలు పట్టుకోగా, నడుము వంచకుండా మెల్లగా ముందుకి వాలే నార్డిక్ వ్యాయామం ఉంది. దాన్ని క్రమం తప్పకుండా చేయించిన జట్లలో హామ్‌స్ట్రింగ్ గాయాలు దాదాపు సగానికి తగ్గాయి. ఫుట్‌బాల్ కోసం తయారైన ఫిఫా 11+ అనే 20 నిమిషాల వార్మప్ కూడా అలాగే నిరూపణ అయింది. మీ శిక్షణలో ఇవి ఉండాలి, మీరు స్వయంగా చేసి నేర్చుకోవాలి. నేర్చుకునే కోర్సులో వ్యాయామాల ఊసే లేకపోతే అది ఆటగాళ్ల కోసం పెట్టిన కోర్సు అనుకోను.

అయితే మసాజ్ చేసేవాడికి మాత్రమే ఉన్న అవకాశం ఒకటుంది. కోచ్ ఆటగాణ్ని దూరం నుంచి చూస్తాడు. డాక్టర్ గాయమయ్యాక చూస్తాడు. మీరు అదే ఒంటిని వారానికి రెండు మూడుసార్లు చేత్తో చూస్తారు. కుడి పిక్క పోయిన వారం కంటే బిగుసుగా ఉందని, ఎడమ భుజం వెనక ముట్టుకుంటే కొత్తగా ఉలిక్కిపడుతున్నాడని మీ చేతికే ముందు తెలుస్తుంది. పైగా బల్ల మీద పడుకున్నవాడు కోచ్‌కి చెప్పని సంగతులు మీకు చెబుతాడు. జట్టులో చోటు పోతుందేమో అన్న టెన్షన్ అక్కడ ఉండదు. నేను శిక్షణలో మూడు ప్రశ్నలు అలవాటు చేయిస్తాను. రాత్రి ఎలా నిద్రపట్టింది? నిన్న ప్రాక్టీస్ ఎంతసేపు, మామూలు కంటే ఎక్కువా? పొద్దున మంచం దిగి మొదటి అడుగులు వేసినప్పుడు ఎక్కడైనా పట్టేసిందా? పొద్దుటి అడుగుల్లో మడమో, మడమ పై నరమో పట్టేయడం రోజురోజుకీ పెరుగుతుంటే, గాయం ఇంకా బయటపడకముందే దాన్ని పట్టుకున్నట్టు.

ఈ తెలిసినదంతా తలలో పెట్టుకుంటే లాభం లేదు. ఒక్కో ఆటగాడికి ఒక్కో పేజీ పెట్టి నోటు పుస్తకం రాయాలి. తేదీ, చెప్పిన నొప్పి, 10కి ఎంత నొప్పో అతని మాటలోనే, మీరు కొలిచింది, చేసింది, ఎవరికి చెప్పింది. రెండే నిమిషాల పని. విద్యార్థుల్లో ఎవరు నిలబడతారో నేను ఆ పుస్తకం చూసి చెప్పగలను. రాసేటప్పుడు "లిగమెంట్ తెగింది" అని రాయకండి, రోగనిర్ధారణ మన పని కాదు. "మోకాలు లోపలి వైపు వాపు, నిన్న లేదు, పూర్తిగా చాపలేకపోతున్నాడు" అని రాయండి. డాక్టర్‌కి ఆ వాక్యమే ఎక్కువ పనికొస్తుంది. ఆటగాడు చెప్పినవి బయటివాళ్లకి చెప్పకూడదని, ఫిజియోకో కోచ్‌కో చెప్పాల్సి వస్తే అతనికి ముందే తెలియజేసి చెప్పాలని కూడా గుర్తుంచుకోండి. ఒక్కసారి నమ్మకం పోతే ఇక ఏదీ చెప్పడు.

ఇక చేతి పని. అనాటమీని పుస్తకంలో చదివితే సరిపోదు. ఇద్దరిద్దరుగా జతకట్టి, స్కిన్ మార్కర్‌తో ఒకరి కాలి మీద ఒకరు కండరాలు గీసుకోవాలి. తొడ వెనక మూడు కండరాలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో గీసి, వేలితో తాకి, ఎదుటివాణ్ని మోకాలు మడవమని చెప్పి అవి బిగుసుకోవడం చూడాలి. పరుగెత్తేవాళ్లకి ఎక్కువగా బయటివైపు కండరం చిరుగుతుంది. పిరుదు కింద కూర్చునే ఎముక దగ్గర నొప్పి ఉంటే అది టెండన్ సంగతి, మానడానికి చాలా ఎక్కువ కాలం పడుతుంది. వేలికి ఈ తేడా తెలియడానికి కొన్ని నెలలు పడుతుంది, దానికి అడ్డదారి లేదు.

ఒత్తిడి విషయంలో నా నియమం సూటిగా ఉంటుంది. 10కి 5 దాటి నొప్పి అన్నాడంటే చెయ్యి తేలిక చేయాలి. ఊపిరి బిగబట్టినా, పిడికిలి బిగించినా నోటితో చెప్పకపోయినా చెప్పినట్టే. ఎంత గట్టిగా నొక్కితే అంత మంచిదనే నమ్మకం మన ఆటగాళ్లలో బాగా ఉంది. కమిలిపోయేలా నొక్కితే ఆ కండరానికి మీరే కొత్త దెబ్బ వేసినట్టు. పోటీ రోజున, ఆటకి ముందు అయిదు నుంచి పది నిమిషాలు, తేలికగా, వేగంగా, ఒళ్లు వెచ్చబడేలా చేస్తే చాలు. వార్మప్‌కి అది బదులు కాదు. పోటీకి ముందు రెండు రోజుల్లో లోతైన మసాజ్ పెట్టుకోవద్దు, మర్నాడు కాళ్లు బరువుగా ఉంటాయి. ఆట అయ్యాక ఒళ్లు చల్లబడి, నీళ్లు తాగి, కాస్త తిన్నాక మెల్లగా చేయాలి. లోతైన పని విశ్రాంతి రోజుకి ఉంచుకోండి. మారథాన్ అయిపోయినచోట టెంట్‌లో పనిచేస్తుంటే కాలు కొంకర్లు పోయినవాళ్లు వరసగా వస్తారు. ముందు ఆ కండరాన్ని మెల్లగా సాగదీసి పట్టుకోవాలి, పిసకడం తర్వాత. మాటలు తడబడుతున్నవాడు, అయోమయంగా చూస్తున్నవాడు, ఒళ్లు కాలిపోతున్నవాడు వస్తే మసాజ్ బల్ల ఎక్కించకుండా వైద్య బృందాన్ని పిలవాలి. వడదెబ్బ అయితే ప్రతి నిమిషమూ లెక్కే, చల్లటి నీళ్లతో ఒళ్లు చల్లబరచడం వెంటనే మొదలవ్వాలి.

మీ ఒళ్లు కూడా కాపాడుకోవాలి. ఆటగాళ్ల కండరాలు దిట్టంగా ఉంటాయి. అస్తమానం బొటనవేళ్లతో నొక్కితే కొన్నేళ్లలో ఆ కీళ్లు అరిగిపోయి వృత్తే వదిలేయాల్సి వస్తుంది. అలా వదిలేసినవాళ్లు నాకు తెలుసు, మంచి పనివాళ్లు. ముంజేయి, మడిచిన పిడికిలి, మోచేయి వాడటం నేర్చుకోండి. నిలబడి చెయ్యి వదిలేస్తే వేళ్ల కణుపులు బల్లని తాకేంత ఎత్తులో బల్ల ఉండాలి. చేతులు చాచి, కాళ్లలోంచి ఒంటి బరువు వాలిస్తే భుజాలకి శ్రమ తగ్గుతుంది. నూనె స్పాలో వాడినంత వద్దు. చెయ్యి జారిపోతుంటే కింద ఏముందో వేలికి తెలియదు.

నూనెలు, క్రీముల దగ్గర ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. 2024 మార్చిలో ఇటలీ టెన్నిస్ ఆటగాడు యానిక్ సిన్నర్ రెండు డోపింగ్ పరీక్షల్లో క్లోస్టెబోల్ అనే నిషిద్ధ స్టెరాయిడ్ అతి స్వల్పంగా బయటపడింది. అతనికి మసాజ్ చేసే ఫిజియో తన వేలు తెగితే ఆ మందున్న స్ప్రే వాడుకుని, గ్లవ్స్ లేకుండా మసాజ్ చేశాడని, అలా చర్మం నుంచి చర్మానికి చేరిందని విచారణలో తేలింది. ఆటగాడి తప్పేమీ లేదని ట్రిబ్యునల్ ఒప్పుకుంది. అయినా ప్రపంచ యాంటీ డోపింగ్ సంస్థ (వాడా) అప్పీలుకి వెళ్లడంతో చివరికి 2025లో 3 నెలలు ఆటకి దూరంగా ఉండాల్సి వచ్చింది. అప్పటి ప్రపంచ నంబర్ వన్‌కే అలా అయితే, జాతీయ శిబిరంలో చోటు కోసం ఎదురుచూసే మన ఊరి అమ్మాయి సంగతేంటి? ఆమె తరఫున లాయర్లు ఉండరు. కాబట్టి సీసా మీద ఏముందో రాయని తైలాలు, ఎవరో తెచ్చిచ్చిన క్రీములు వాడకండి. మీ చేతికి గాయమైతే గ్లవ్స్ వేసుకోండి, మీరు వాడే మందు కూడా చూసుకోండి. ఆటగాడికి సాయపడే సిబ్బందికి కూడా డోపింగ్ నియమాలు వర్తిస్తాయి. మన దేశంలో దీనికి 2022లో చట్టమే వచ్చింది. అలాగే తామర, గజ్జి లాంటివి కుస్తీ, కబడ్డీ, జూడో ఆడేవాళ్లలో ఒకరి నుంచి ఒకరికి సులువుగా అంటుకుంటాయి. ఒకే టవల్, ఒకే నూనె గిన్నె అందరికీ వాడితే అంటించింది మీరే అవుతారు.

పిల్లలు, అమ్మాయిల విషయంలో ఎలాంటి మినహాయింపూ వద్దు. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకి మసాజ్ చేసేటప్పుడు తల్లో తండ్రో, మహిళా కోచో ఎవరో ఒక పెద్ద మనిషి గదిలో ఉండాలి. తలుపు మూయకూడదు. ఎక్కడ చెయ్యి వేస్తారో, ఎందుకు వేస్తారో ముందే చెప్పి, సరే అన్నాకే మొదలుపెట్టాలి. అవసరమైన భాగం తప్ప మిగతాది దుప్పటితో కప్పి ఉంచాలి. "వద్దు" అంటే అప్పుడే ఆపాలి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి పతకం తెచ్చిన ప్రాంతం మనది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఆడపిల్లలు ఎందరో బరువులెత్తుతున్నారు. వాళ్లకి భయం లేకుండా నడుము నొప్పి చెప్పుకునే మనిషి దొరకాలి. మీ స్పాలో పనిచేసే ఆడవాళ్లలో ఆసక్తి ఉన్నవాళ్లుంటే వాళ్లని కూడా ఈ శిక్షణకి తీసుకురండి, వాళ్లకి పని తప్పకుండా ఉంటుంది.

హద్దుల గురించి ఒక్క పేరా. మసాజ్ కోర్సు చేసినంత మాత్రాన ఫిజియోథెరపిస్టు అయిపోరు. ఫిజియోథెరపీ 2021 నాటి అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం కింద ఉన్న వృత్తి, దానికి డిగ్రీ కావాలి. కరెంటు మెషీన్లు పెట్టడం, సూదులు గుచ్చడం, తప్పిన కీలు ఎక్కించడం మీ పని కాదు. మెడ విరవడం అసలు వద్దు. సెలూన్లలో అలవాటుగా చేస్తారు కానీ, మెడలోని రక్తనాళం చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలు వైద్యంలో నమోదయ్యాయి.

కోర్సు ఎంచుకునేటప్పుడు సర్టిఫికెట్ కంటే ముందు నాలుగు విషయాలు అడగండి. పాఠాలు చెప్పేవాళ్లలో స్పోర్ట్స్ ఫిజియో గానీ స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్ గానీ ఉన్నారా? నిజమైన ఆటగాళ్ల మీద, ఒకరు పక్కనుండి చూస్తుండగా, ప్రాక్టికల్స్ ఎన్ని గంటలు? చెయ్యి వేయకూడని పరిస్థితుల మీద విడిగా పరీక్ష పెడతారా? ఫస్ట్ ఎయిడ్, సీపీఆర్ నేర్పుతారా? శని, ఆదివారాల్లో ముగించి సర్టిఫికెట్ చేతిలో పెట్టే వర్క్‌షాపుల్ని మొదటి శిక్షణగా తీసుకోవద్దు, పని వచ్చాక కొత్తది తెలుసుకోవడానికి బాగుంటాయి. మీకున్న అనుభవంతో అయితే నా అంచనా ఆరు నెలల చదువు, ఆ తర్వాత ఒక పూర్తి సీజన్ ఏదైనా జట్టుతో ఫిజియో కింద పని. ఆ సీజన్ లేకుండా శిక్షణ పూర్తయిందని నేను అనుకోను. స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా శిబిరాలకి మసాజర్లని కాంట్రాక్టు మీద తీసుకుంటూ ఉంటుంది. ఆ పాత నోటిఫికేషన్లు ఒకటి రెండు తీసి, ఏ అర్హత, ఎంత అనుభవం అడిగారో చూసి, దానికి సరిపోయే కోర్సే చేయండి. ముందు చేసి తర్వాత చూసుకుంటే డబ్బు, కాలం రెండూ పోతాయి.

స్పా ఉద్యోగం ఇప్పుడే మానకండి. ఉదయం పూట మీ ఊళ్లో గ్రౌండ్‌కి వెళ్లే ఏదో ఒక అకాడమీతోనో, రన్నర్స్ గ్రూపుతోనో మాట్లాడుకుని, వారానికి రెండు రోజులు వాళ్ల ప్రాక్టీస్ మొదటి నుంచి చివరిదాకా చూడండి. ఏ ఆటలో ఏ కాలు ముందు పడుతుంది, ఏ భుజానికి పని ఎక్కువ అన్నది గ్రౌండ్‌లోనే తెలుస్తుంది. మీకు దగ్గరలో ఆటగాళ్లని చూసే ఫిజియో ఎవరున్నారో కనుక్కుని పరిచయం చేసుకోండి. మీకు అనుమానం వచ్చినప్పుడు ఫోన్ చేయగలిగే ఒక్క మనిషి ఉండాలి. కోర్సుల వివరాలు తెచ్చుకున్నాక వాటి సిలబస్ ఇక్కడ రాయండి, పేజీ పేజీ చూసి ఏది ఉంది, ఏది లేదు చెబుతాను.